వంతల కథ ఎవరు చెబుతారు?

శాస్త్రజ్ఞుల ఆత్మకథలు ఇంగ్లీషులో ఏటేటా వస్తూనే ఉన్నాయి. వాటిలో శాస్త్రం ఉంటుంది, శాస్త్రజ్ఞుడు ఉంటాడు, ఆఖరి ప్రకరణంలో స్టాక్‌హోమ్ కూడా ఉంటుంది. ప్రయోగశాల మాత్రం చాలా పుస్తకాల్లో వెతికినా దొరకదు. ప్రయోగశాల అంటే గాజు గొట్టాలూ యంత్రాలూ ఉన్న గది అని కాదు నా ఉద్దేశం. ఆ గదిలో పొద్దస్తమానం గడిపే పదిమందో ఇరవైమందో మనుషులు. పరిశోధక విద్యార్థులు, డాక్టరేటు అయ్యాక రెండేళ్ళకో మూడేళ్ళకో ఒప్పందం మీద చేరినవాళ్ళు, ద్రావణాలు కలిపేవాళ్ళు, లెక్కలు చూసేవాళ్ళు. వాళ్ళ గురించి రాసినవి ఎందుకు ఇంత తక్కువ, రాసినవి ఎలా ఉన్నాయి అన్నదే ఈ వ్యాసం.

కథలూ కవితలూ వచ్చే ఈ పత్రికలో కణాల గొడవ ఏమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ఆత్మకథ సాహిత్య ప్రక్రియే గనక దాని మంచిచెడ్డలు మాట్లాడటం విమర్శకుడి పనే. మరో కారణం మన ఇళ్ళకు సంబంధించినది. బెంగళూరు, హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం - ఎక్కడి తెలుగిల్లు తీసుకున్నా, దగ్గరి చుట్టాల్లో ఒక పిల్లో పిల్లవాడో ఇలాంటి ప్రయోగశాలలో ఉండటం ఇవాళ వింత కాదు. వాళ్ళు అక్కడ ఏం చేస్తున్నారో మనకి తెలియదు. చెప్పమంటే వాళ్ళకి చెప్పడం రాదు. ఈ లోటు భాషదా, మనుషులదా, లేక కథ చెప్పే పద్ధతిదా అన్నది తేల్చుకోవలసిన విషయం.

ఇందుకు ఒకే పనిని గురించిన మూడు రచనలు తీసుకుంటున్నాను. మొదటిది రాబర్ట్ లెఫ్కోవిట్జ్ ఆత్మకథ ‘ఎ ఫన్నీ థింగ్ హాపెండ్ ఆన్ ద వే టు స్టాక్‌హోమ్’. ఇది 2021లో వచ్చింది. రెండోది ఆయన దగ్గర పనిచేసి, తరవాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సొంత ప్రయోగశాల పెట్టుకున్న బ్రయాన్ కొబిల్కా 2012 నోబెల్ సందర్భంగా ఇచ్చిన ఉపన్యాసం, దానితోపాటు ఆయన రాసిన చిన్న స్వపరిచయం. మూడోది 2011లో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన పరిశోధన వ్యాసం. ఆ మూడోదాన్ని ఎవరూ సాహిత్యం అనరు. అయినా దాన్ని కూడా ఒక రచనగానే చదువుదామని నా ప్రతిపాదన.

*

ముందు పని ఏమిటో చెప్పాలి. అది తెలియకపోతే మనుషుల సంగతి అర్థం కాదు.

మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఒక పొర ఉంటుంది. ఎదురుగా పాము కనబడిందనుకోండి. అడ్రినలిన్ నెత్తురులోకి దూకుతుంది, గుండె కణం దగ్గరికి వస్తుంది. కానీ అది కణం లోపలికి వెళ్ళదు. గుమ్మం దగ్గరే ఆగి కబురు చెబుతుంది. ఆ కబురు అందుకునేందుకు పొరలో ఒక ప్రోటీను కూర్చుని ఉంటుంది. గుడ్డలో దారం లోపలికీ బయటికీ కుట్టినట్టు అది పొరలోంచి ఏడుసార్లు వెళ్ళి వస్తుంది. దీన్ని రిసెప్టర్ అంటారు, మన పాఠ్యపుస్తకాలు గ్రాహకం అంటాయి. బయట అడ్రినలిన్ తగిలేసరికి లోపలివైపు దాని ఆకారం మారుతుంది. అక్కడ కాచుకుని ఉన్న జి-ప్రోటీను ఆ మార్పుని పట్టుకుని మరో ఎంజైముకి చెబుతుంది. ఆ ఎంజైము ఏటీపీ అనే పదార్థం నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారుచేస్తుంది. దానితో కబురు కణమంతా పాకుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది.

ఉర్దూ నుంచి వచ్చి మన ఇంటి మాటైపోయిన ‘కబురు’ ఇక్కడ చక్కగా సరిపోయింది. ‘సంకేత ప్రసారం’ అంటే బల్ల మీద ఉన్న పుస్తకం గుర్తుకొస్తుంది. కబురు అంటే పంపినవాడు, మోసినవాడు, అందుకున్నవాడు ముగ్గురూ గుర్తుకొస్తారు.

ఇది ఎక్కడో అమెరికాలో జరిగే ముచ్చట అనుకోనక్కరలేదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు పీల్చే సాల్బ్యుటమాల్ మందు పట్టుకునేది ఈ బీటా-2 రిసెప్టర్నే. రక్తపోటుకి మింగే బీటా బ్లాకర్లు అడ్డుకునేది ఈ కుటుంబంలోని తోబుట్టువులనే. మనిషి ఒంట్లో ఇలాంటి గ్రాహకాలు సుమారు 800 రకాలు ఉన్నాయి. వాడుకలో ఉన్న మందుల్లో మూడో వంతు దాకా వీటి మీదే పనిచేస్తాయి.

1948లో రేమండ్ ఆల్క్విస్ట్ అడ్రినలిన్‌కి ఆల్ఫా, బీటా అని రెండు రకాల గ్రాహకాలు ఉండాలన్నాడు. అప్పటికి అది ఊహ. గ్రాహకం నిజంగా ఒక వస్తువేనా అని చాలాకాలం చాలామంది అనుమానించారు. అది వస్తువే అని పట్టి చూపించడానికే లెఫ్కోవిట్జ్ యౌవనమంతా సరిపోయింది. 1986లో ఆయన ప్రయోగశాల, మెర్క్ కంపెనీ శాస్త్రజ్ఞులు కలిసి బీటా-2 గ్రాహకం జన్యువుని పట్టుకున్నారు. దాని వరసని చదివితే కంట్లో వెలుతురుని పట్టే రొడాప్సిన్‌ని పోలి ఉంది. గుండెకీ కంటికీ ఒకే వంశం అని ఆ రోజు తేలింది. ఇక మిగిలింది దాని ఆకారం కళ్ళారా చూడటం. ఆ పని స్టాన్‌ఫర్డ్‌లో కొబిల్కా ప్రయోగశాల నెత్తిన వేసుకుంది. 2007లో గ్రాహకం ఒక్కదాని ఆకారం వచ్చింది. అది జి-ప్రోటీనుకి కబురు అందిస్తుండగా పట్టుకున్న ఆకారం 2011లో వచ్చింది. 2012లో రసాయనశాస్త్రపు నోబెల్ గురుశిష్యులిద్దరికీ కలిపి ఇచ్చారు.

*

ఇప్పుడు ఆత్మకథ సంగతి.

లెఫ్కోవిట్జ్ గొప్ప మాటకారి. 1943లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టాడు. డాక్టరు చదివాడు, డాక్టరుగానే స్థిరపడదామనుకున్నాడు. వియత్నాం యుద్ధపు రోజుల్లో యువ వైద్యులు సైన్యంలో చేరాలి, లేదా ప్రజారోగ్య సేవలో చేరాలి. అలా 1968లో జాతీయ ఆరోగ్య సంస్థలో పరిశోధనకి చేరాడు. మొదట్లో ఒక్క ప్రయోగమూ సాగలేదు. పుస్తకం ఉపశీర్షికలోనే తనను అనుకోకుండా శాస్త్రజ్ఞుడైనవాడినని చెప్పుకున్నాడు. ఈ భాగం నాకు చాలా నచ్చింది. ఓటమిని ఇంత సరదాగా, ఇంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ. నోబెల్ ఫోను మోగినప్పుడు చెవులకి బిరడాలు పెట్టుకుని పడుకున్నానని, భార్య మోచేత్తో పొడిచి లేపిందని ఆయన ఆనాడే విలేకరులకి చెప్పాడు. పుస్తకం ఆసాంతం ఇదే ధోరణి. ఒక ముచ్చట అయ్యేసరికి మరో ముచ్చట. చదివేవాడికి విసుగన్నది ఉండదు.

అయితే ముచ్చటకి ఒక గుణం ఉంది. దానికి నాయకుడు ఒక్కడే కావాలి. మిగతావాళ్ళు నవ్వడానికీ నవ్వించడానికీ వస్తారు. ఆయన ప్రయోగశాలలో 200 మందికి పైగా తర్ఫీదు పొందారు. పుస్తకంలో వాళ్ళలో కొందరు వస్తారు, ఒక మంచి మాట చెప్పించుకుంటారు, ఒక హాస్య సన్నివేశంలో పాత్ర వహిస్తారు, వెళ్ళిపోతారు. గురువుకి వాళ్ళ మీద ఉన్న ప్రేమ అబద్ధం కాదు. కానీ ఒక ప్రోటీనుని శుద్ధి చేయడానికి మూడేళ్ళు పట్టిన మనిషికి ఆ మూడేళ్ళూ ఎలా గడిచాయి, అవతల వీసా గడువు దగ్గరపడుతుంటే ఇవతల ద్రావణం పాడైతే అతడు ఏమనుకున్నాడు అన్నది ముచ్చటలో ఇమడదు. ఇమడదు గనక రాలేదు.

మన బుర్రకథతో పోల్చి చూస్తే ఇది స్పష్టమవుతుంది. తంబురా పట్టిన కథకుడు నడుమ ఉంటాడు. ఇరుపక్కలా ఇద్దరు వంతలు. లెఫ్కోవిట్జ్ పుస్తకంలో ఆయన కథకుడు, ప్రయోగశాల అంతా వంత. ఇంతవరకూ తప్పేమీ లేదు. కానీ మన వంతలు ఊరికే తందాన అనరు. ఒకడు హాస్యం చెబుతాడు, ఒకడు రాజకీయం చెబుతాడు. కథకుడు వీరావేశంలో ఉండగా ‘అదెలా గురూ?’ అని అడ్డు తగిలి అడుగుతారు. ఆ అడగడంలోనే కథకి నిజం అతుకుతుంది. ఈ ఆత్మకథలో వంతలకి ఆ హక్కు లేదు. వాళ్ళు అడగరు. అడిగి ఉంటే పుస్తకం మరోలా ఉండేది.

ఇంకో విశేషం. అట్ట మీద లెఫ్కోవిట్జ్ పేరు కింద రాండీ హాల్ అని రెండో పేరు ఉంది. ఆయన ఒకప్పుడు అదే ప్రయోగశాలలో పనిచేసినవాడు, తరవాత తానూ ఆచార్యుడైనవాడు. అంటే ఈ కథలు ఆ ప్రయోగశాలలో పనిచేసిన మనిషి చేతి మీదుగానే కాగితం మీదికి వచ్చాయి. కానీ ‘నేను’ అన్న మాట మాత్రం గురువుదే. హాల్ తన ‘నేను’తో ఒక్క ప్రకరణం రాసి ఉంటే, బల్లకి అవతలి వైపు నుంచి గురువు ఎలా కనబడేవాడో మనకి తెలిసేది. ఈ పుస్తకంలో పోయిన అవకాశాల్లో ఇది పెద్దది.

*

కొబిల్కా దీనికి పూర్తిగా వ్యతిరేకం. మితభాషి. మినెసోటా రాష్ట్రంలో లిటిల్ ఫాల్స్ అనే చిన్న ఊరు, రొట్టెలు కాల్చే కుటుంబం. నోబెల్ ఫోను వచ్చినప్పుడు స్నేహితులెవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాడట. ఆయన రాసుకున్న స్వపరిచయం పొడి పొడిగా ఉంటుంది. అందులో అలంకారం వెతికితే ఒక్కటీ దొరకదు. ఉపన్యాసం ఇంకా పొడి. గ్రాహకం ఆకారం, స్ఫటికం, మళ్ళీ ఆకారం.

అయినా సాహిత్య విద్యార్థిగా నాకు ఆ పొడి మాటల్లో ఎక్కువ నిజం కనబడింది. ప్రతి మలుపులో ఆయన ఒక పేరు చెబుతాడు. ఇది ఫలానావారు చేశారు, ఇది ఫలానా ఊరినుంచి వచ్చిన ఫలానావారితో కలిసి చేశాం అంటూ పోతాడు. ‘నేను’ వెనక్కి తగ్గి ‘మేము’ ముందుకొస్తుంది. లోపం ఎక్కడంటే, పేరు తరవాత ఏమీ రాదు. పేరు వస్తుంది, మనిషి రాడు. 2003లో హ్యూస్ వైద్య సంస్థ నుంచి ఆయనకి వస్తున్న ఆర్థిక సహాయం ఆగిపోయింది. అప్పటికి గ్రాహకం స్ఫటికం ఇంకా చేతికి రాలేదు. అలాంటప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్ళు ఏం మాట్లాడుకుని ఉంటారు? ఎవరు ఉండిపోయారు, ఎవరు మూట కట్టుకున్నారు? నవలాకారుడికి నూరు పేజీలు ఇచ్చే ఘట్టం అది. ఆయన ఒకటి రెండు వాక్యాల్లో దాటేశాడు. లెఫ్కోవిట్జ్ నోరూ కొబిల్కా మనసూ ఒకే మనిషికి ఉంటే ఎంత మంచి పుస్తకం వచ్చేదో!

టాంగ్ సన్ కొబిల్కా గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మలేషియా నుంచి వచ్చి డులూత్‌లో చదువుకున్న ఆవిడ బ్రయాన్‌కి భార్య, అదే ప్రయోగశాలలో ఆయనతో పనిచేసిన శాస్త్రజ్ఞురాలు. 2011 వ్యాసంలో ఆవిడ పేరు ఆరోది. షోలాపూరులోనో ఆరణిలోనో నేతగాళ్ళ ఇళ్ళు ఎరిగినవాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. కండెలు చుట్టేది ఇల్లాలు, అచ్చు అతికేది ఇంకొకరు, చీర మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడి పేరు మీద బజారుకెళుతుంది. ఆవిడ కథ ఆవిడ నోట వింటే ఆ ప్రయోగశాల గురించి మనకి తెలిసింది రెట్టింపవుతుంది.

*

మూడో రచన 2011 నాటి వ్యాసం. దాని తలమీద 20 పేర్లున్నాయి. మొదటి పేరు సోరెన్ రాస్ముసెన్, చివరి పేరు బ్రయాన్ కొబిల్కా. ఈ శాస్త్రంలో ఆచారం ఏమిటంటే, పని చేతుల మీద ఎక్కువగా చేసినవారు మొదట ఉంటారు, ప్రయోగశాల నడిపేవారు చివర ఉంటారు. నడుమ ఉన్నవాళ్ళని లోకం ‘తదితరులు’ అంటుంది.

ఈ తదితరులు ఏం చేశారో చూడండి. గ్రాహకం, జి-ప్రోటీను కలిసి ఉండేది క్షణం. జీటీపీ అనే అణువు వచ్చి తగలగానే విడిపోతాయి. కణానికి అదే క్షేమం, లేకపోతే కబురు ఆగనే ఆగదు. కానీ స్ఫటికం కట్టాలంటే అవి రోజుల తరబడి విడిపోకుండా కూర్చోవాలి. అందుకని ఆ రకం అణువుల్ని నమిలేసే ఎంజైము వేసి ద్రావణాన్ని శుభ్రం చేశారు. పొరలోంచి ఊడదీసిన ప్రోటీను మామూలు డిటర్జెంటులో చెదిరిపోతుంటే, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్రజ్ఞులు కొత్త డిటర్జెంటు చేసి ఇచ్చారు. బ్రస్సెల్స్‌లో యాన్ స్టేయర్ట్ బృందం లామా అనే ఒంటె జాతి జంతువుకి ఈ జంట ప్రోటీన్లని ఎక్కించి, దాని నెత్తురు నుంచి చిన్న ప్రతిదేహాల్ని తీసింది. అందులో ఒకటి జంట విడిపోకుండా మేకులా దిగింది. డబ్లిన్‌లో మార్టిన్ కాఫ్రీ కొవ్వు పదార్థంలో స్ఫటికం కట్టించే పద్ధతికి సాయపడ్డాడు. మిషిగన్‌లో రోజర్ సునహారా బృందం జి-ప్రోటీను సంగతి చూసింది. అక్కడే జార్జియోస్ స్కినియోటిస్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ జంటను చూసి, జి-ప్రోటీనులో ఒక భాగం అటూ ఇటూ ఊగుతోందని పట్టుకున్నాడు. చివరికి ఎక్స్-కిరణాల బొమ్మ వచ్చాక తెలిసింది, ఆ భాగం ఏకంగా 127 డిగ్రీలు పక్కకి తిరిగిందని. ఎవరూ అంత అనుకోలేదు.

ఈ 20 పేర్లలో ఏ ఒక్కటి తీసేసినా మరోటి ఊడుతుంది. ఇది పడుగూ పేకా లాంటి పని. ఆత్మకథ ఈ సత్యం చెప్పలేకపోయింది, వ్యాసం తన మొదటి పుటలోనే చెప్పింది. కానీ వ్యాసం మూగది. ఇందులో మనుషులు పేర్ల వరసలో నిలబడతారు, కిందికి దిగేసరికి మాయమవుతారు. ‘ప్రోటీను శుద్ధి చేయబడింది’, ‘స్ఫటికాలు సేకరించబడ్డాయి’. ఎవరు శుద్ధి చేశారు? ఏ రాత్రి? పైగా అంతకు ముందు ఏళ్ళ తరబడి ఆ ప్రోటీను మీద పనిచేసి, స్ఫటికం కట్టకముందే వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఈ పుట మీద ఉండే వీలు లేదు. గెలిచిన ప్రయోగానికే వ్యాసం. ఓడిన ప్రయోగం చేసినవాడికి మిగిలేది అతడి జ్ఞాపకమే.

ఇక్కడ తెలుగు గురించి ఒక మాట. ఇంగ్లీషు శాస్త్రవ్యాసాలకి కర్మణి ప్రయోగం అలవాటు. మన అనువాదకులు దాన్ని మక్కీకి మక్కీ దింపి ‘చేయబడినది’, ‘కనుగొనబడినది’ అని రాశారు, ఇప్పటికీ రాస్తున్నారు. తెలుగు నోటికి అది పరాయి. మనం ‘శుద్ధి చేశారు’ అంటాం. కర్త పేరు చెప్పకపోయినా, ఎవరో మనుషులు చేశారన్న సంగతి క్రియాపదం తోకలోనే ఉంది. మనుషుల్ని దాచిపెట్టడం మన వాక్యానికి అంత సులువు కాదు. శాస్త్రం చెప్పడానికి తెలుగు చాలదని వాదించేవారు ఈ ఒక్క విషయం ఆలోచిస్తే బాగుంటుంది.

*

లెఫ్కోవిట్జ్ ఒక్కడినే తప్పు పట్టడం న్యాయం కాదు. ఈ ప్రక్రియకి పెద్ద బాట వేసింది జేమ్స్ వాట్సన్ 1968లో రాసిన ‘ద డబుల్ హెలిక్స్’. పరుగు పందెం, తెలివితేటలు, గెలుపు. అందులో రోజలిండ్ ఫ్రాంక్లిన్‌ని చిత్రించిన తీరు మీద పెద్ద దుమారమే లేచింది. ఆవిడ 1958లోనే పోయింది గనక జవాబు చెప్పుకోవడానికి లేదు. 1975లో ఆన్ సేయర్ ఆవిడ పక్షాన పుస్తకం రాసింది. ఆ న్యాయం జరగవలసిందే. కానీ అందరూ చెప్పుకునే ఆ 51వ నంబరు ఫొటో 1952లో తీసిన చేతులు ఆవిడ దగ్గర పనిచేసిన విద్యార్థి రేమండ్ గాస్లింగ్‌వి. మరుగున పడ్డ నాయికని వెలికి తీసిన కథలోనూ విద్యార్థి మరుగునే ఉండిపోయాడు. నాయకుణ్ణి మార్చాం, కథ కట్టు మారలేదు. చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్ 2018లో రాసిన ‘జీన్ మెషీన్’ కొంత మేలు. తన ప్రయోగశాలలో ఎవరెవరు ఏం చేశారో అందులో కాస్త నిదానంగా చెప్పాడు, బహుమతుల రాజకీయాన్ని దాచలేదు. అయినా అదీ పరుగు పందెమే.

ఇక మన సంగతి. ఏటీపీ అని పైన ఒక మాట వచ్చింది. కణంలో కబురుకి ముడిసరుకు అదే. దాన్ని కండరాల్లో గుర్తించి 1929లో లోకానికి చెప్పినవాళ్ళలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, ఆయనతో పనిచేసిన మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా గుర్తించాడు. మద్రాసు వైద్య కళాశాల విద్యార్థి అయిన సుబ్బారావు గురించి తెలుగులో వచ్చిన వ్యాసాలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. పేదరికం, ప్రతిభ, అన్యాయం, అందని నోబెల్. ఆయనకి దక్కవలసిన పేరు దక్కలేదన్నది నిజం. కానీ ఆయన లెడర్లే కంపెనీలో నడిపిన పరిశోధన నుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ మీద 1946లో వచ్చిన వ్యాసం తీసి చూస్తే 16 పేర్లున్నాయి, ఆయన పేరు వాటి నడుమ ఒకటి. ఆ మిగతా పదిహేనుమంది ఎవరని మన వ్యాసకర్తలు అడగలేదు. ఒంటరి మేధావి బొమ్మ మనకీ ముద్దే. తెలుగువాడైతే మరీ ముద్దు.

మద్రాసు పాఠకులకి మరీ దగ్గరి ఉదాహరణ ఉంది. ప్రోటీను ఆకారం ఏదైనా సరే, సరిగ్గా కట్టారా లేదా అని పరీక్షించడానికి ప్రపంచమంతా వాడే పటం ఒకటుంది. పేరు రామచంద్రన్ పటం. మద్రాసు విశ్వవిద్యాలయంలో పుట్టింది. స్టాన్‌ఫర్డ్ వాళ్ళ గ్రాహకం కూడా ఆ పరీక్ష దాటవలసిందే. 1963లో ఆ వ్యాసం మీద ఉన్న పేర్లు మూడు: జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్. పటానికి మిగిలిన పేరు ఒకటి. రామచంద్రన్ గొప్పతనానికి దీనివల్ల లోటేమీ రాదు. తరవాత బెంగళూరు విజ్ఞాన సంస్థలో ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పిన ఆ తక్కిన ఇద్దరి పేర్లు మాత్రం అదే ఊళ్ళో కాపురం ఉన్న మనలో ఎందరికి తెలుసు?

*

మన ఇళ్ళలో తరచు వినబడే సంభాషణ ఒకటుంది. ‘మీ అమ్మాయి ఎక్కడుందమ్మా?’ ‘అమెరికాలో రీసెర్చి చేస్తోందండి.’ ‘దేనిమీద?’ ‘ఏదో ప్రోటీన్లంటండి.’ ఆ ‘ఏదో’ అన్న మాట దగ్గర తల్లికీ కూతురికీ మధ్య ఒక తలుపు మూసుకుపోతోంది. కూతురు రోజుకి పన్నెండు గంటలు ఏం చేస్తోందో, దేనికి ఏడుస్తోందో, ఏది కుదిరితే గంతులేస్తోందో తల్లికి తెలియదు. మన పిల్లలకి బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, పనిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఇంటి తెలుగుకి మనం ఒప్పగించినవి ‘అన్నం తిన్నావా’, ‘పండక్కి వస్తావా’ లాంటివి. అంతకు మించిన బరువు మోయించకపోతే మరో తరానికి ఆ భాష ఆ రెండు మాటలూ కూడా మోయదు.

బయట ఉన్న తెలుగువాళ్ళు ఇది చేయలేరనడానికి లేదు. మద్రాసులో కూర్చునే కొడవటిగంటి కుటుంబరావు సైన్సు మీద వ్యాసాలు రాశారు. బొంబాయిలో అణుకేంద్రంలో ఉద్యోగం చేస్తూ ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ ఎంతో రాశారు. అమెరికాలో ఉండి వేమూరి వేంకటేశ్వరరావు గారు రాశారు. సైన్సు తెలుగులో చెప్పవచ్చని వీరు రుజువు చేశారు. అయితే వీరు చెప్పింది ఎక్కువగా తేలిన శాస్త్రం. తేలకముందు, మసక వెలుతురులో తడుముకుంటూ ఉండే మనుషుల కథ ఇంకా రావలసి ఉంది. అది ఆచార్యులు రాయలేరు. లెఫ్కోవిట్జ్ అంతటి కథకుడికే చేతకాలేదని చూశాం. అది వంతలు రాయాలి.

అంచేత ఇలాంటి పత్రికలు ఒక పని పెట్టుకోవచ్చు. ప్రయోగశాలల్లో ఉన్న మన పిల్లల చేత రాయించాలి. బహుమతి వచ్చాక కాదు, ఇప్పుడే. తెలుగు రాయడం రానివాళ్ళు ఫోనులో చెబితే తల్లో తండ్రో రాసిపెట్టవచ్చు. ‘గ్రాహకం’ అనే మాట తెలియకపోతే ‘కబురందుకునే ప్రోటీను’ అనవచ్చు. ప్రోటీను పాడైన రాత్రి గురించి, ఎక్స్-కిరణాల యంత్రం దగ్గర వంతు కోసం కాచుకోవడం గురించి, బల్ల పక్కన కూర్చునే చైనా పిల్ల గురించి, గురువు మంచితనం గురించి, గురువు చూడనివాటి గురించి రాయాలి. రాసేటప్పుడు రెండో ప్రశ్న అడగడం మరవకూడదు: ఈ పని నాకంటే ముందు ఎవరు మొదలుపెట్టి వదిలేశారు?

లెఫ్కోవిట్జ్ పుస్తకం దొరికినవాళ్ళు తప్పక చదవండి. నవ్వుకుంటారు, ఒక గొప్ప మనిషితో పరిచయమవుతుంది. చదివాక మాత్రం ఆ 2011 నాటి వ్యాసం మొదటి పుట తెరిచి, 20 పేర్లూ వరసగా పైకి చదవండి. ఆత్మకథలో లేని పుస్తకం అక్కడ ఉంది, ఇంకా ఎవరూ రాయలేదు.